పేరు పోతే పోనీ, ర్యాంకు దక్కితే చాలు

తాతల నాటి పచ్చళ్ళ కొట్టుకి వెబ్‌సైటు పెడదామని హైదరాబాదులో కంప్యూటర్ కోర్సుల అడ్డా అయిన అమీర్‌పేట వెళ్ళినవాడికి దొరికే మొదటి సలహా, తాత పేరు తీసెయ్యమని. ఆయన పేరు గూగుల్‌లో ఎవరూ కొట్టడం లేదట. "సెర్చ్ వాల్యూమ్ జీరో సార్" అంటాడు, సైట్లను గూగుల్‌లో పైకి తెచ్చే ఎస్‌ఈఓ నిపుణుడు, పోయినవాళ్ళ గురించి మాట్లాడే గొంతుతో. నాలుగూళ్ళ జనం ఖాళీ సీసాలు పట్టుకుని ఆ పేరు అడుగుతూ వచ్చేవారన్న సంగతి ఆయన లాప్‌టాప్‌లో ఏ గడిలోనూ లేదు. జనం ఇప్పుడు ఏం కొడుతున్నారో అది మాత్రం ఉంది. బెస్ట్, ఆంధ్రా, హోమ్‌మేడ్, పికిల్స్, ఆన్‌లైన్, హైదరాబాద్. ఈ ఆరు ఇంగ్లీషు మాటల్నీ అడ్డగీతలతో కలిపి కుట్టేస్తే డొమైన్ సిద్ధం. చివర 'ఫ్రీ హోమ్ డెలివరీ' కూడా తగిలిద్దామని నిపుణుడు సరదా పడ్డాడు గానీ, రెండు చుక్కల మధ్య 63 అక్షరాలకు మించి పట్టవని ఇంటర్నెట్ పెద్దలు ఎప్పుడో నియమం రాసిపెట్టారు. గీతలతో కలిపి లెక్కేస్తే 64 తేలింది. ఒక్క అక్షరం తేడాతో తెలుగు జాతి ఒక మహత్తర నామధేయాన్ని పోగొట్టుకుంది.

ఈ లెక్కన, కొడుక్కి 'ఐఐటీ ఫస్ట్ ర్యాంక్ రావు' అని పేరు పెట్టుకున్న తండ్రికి కోచింగు ఫీజు మిగిలిపోవాలి. మన కార్పొరేట్ కాలేజీల వాళ్ళకి ఈ ఊహ ఇంకా తట్టలేదు, తట్టించిన పాపం నాకెందుకు. డొమైన్ల లోకంలో మాత్రం ఇది నిత్యవ్యవహారం. కావాల్సినదాన్ని పేరులో రాసేసుకుంటే అయిపోయినట్టే. కూకట్‌పల్లిలో ఏసీ బాగుచేసే నలుగురిలో ఒకాయన 'బెస్ట్ ఏసీ సర్వీస్', రెండో ఆయన 'బెస్ట్ ఏసీ రిపేర్ సర్వీస్', మూడో ఆయన 'ది బెస్ట్ ఏసీ రిపేర్ సర్వీస్'. నాలుగో ఆయనకి బెస్టులన్నీ అయిపోయాయి కనుక 'టాప్'. మే నెలలో వాళ్ళలో ఒకడు వచ్చి గ్యాసు నింపి డబ్బులు పుచ్చుకుని వెళ్తే, మూడో రోజు మళ్ళీ వేడిగాలి కొడితే, తిట్టాల్సింది ఎవర్నో కూడా మీకు తెలియదు. ఆ మేరకు ఈ పేర్ల వల్ల వ్యాపారికి లాభం ఉందనే ఒప్పుకోవాలి.

ఈ తెలివి కొత్తదేం కాదు. టెలిఫోన్ డైరెక్టరీల కాలంలో అక్షరక్రమంలో అందరికన్నా ముందుండాలని అమెరికాలో ప్లంబర్లూ తాళాలు తీసేవాళ్ళూ పేరుకి ముందు వరసగా మూడేసి 'ఏ'లు తగిలించుకునేవారు. ఇప్పుడు డైరెక్టరీ పోయింది, ఆ జబ్బు మిగిలింది. న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌లో 'థాయ్ ఫుడ్ నియర్ మీ' అన్న పేరుతో హోటలే వెలిసింది. పేరంటే డొమైన్ ఒక్కటే కాదు, గుమ్మం మీద బోర్డు కూడా అదే. మనవాళ్ళు బోర్డు దాకా పోలేదు గానీ డొమైన్లలో 'నియర్ మీ' ఎప్పుడో చొప్పించారు. ఆ సైటును విజయనగరంలో కూర్చుని తెరిచినా 'నా దగ్గరలో' అనే అంటుంది, డల్లాస్‌లో తెరిచినా అదే మాట. దగ్గర ఎక్కడో తేల్చేది వెతికేవాడి ఫోను ఉన్న చోటూ, మ్యాపులో దుకాణం నమోదైన చిరునామానూ. ఆ నమోదు పైసా ఖర్చు లేని పని. అందుకే కాబోలు నిపుణులు దాని గురించి అంత గట్టిగా చెప్పరు.

అసలీ డొమైన్ పేరన్నది ఎందుకు పుట్టింది? కంప్యూటర్లకు అంకెలే చిరునామాలు. ఆ అంకెలు మనిషికి గుర్తుండి చావవు. అందుకని 1983లో పాల్ మోకపెట్రిస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఏర్పాటు కనిపెట్టాడు: మనిషి పేరు చెబుతాడు, యంత్రం అంకె వెతుక్కుంటుంది. ఇది పూర్తిగా మనిషి మతిమరుపు మీద జాలితో చేసిన పని. 1985 మార్చి 15న మొట్టమొదటి డాట్ కామ్ నమోదు చేసుకున్న కంపెనీ సింబాలిక్స్. తన పేరునే పెట్టుకుంది. 'బెస్ట్ కంప్యూటర్స్ ఇన్ మసాచుసెట్స్' అని పెట్టుకోవాలన్న బుద్ధి పుట్టలేదు, పాపం అప్పటికి అక్కడ అమీర్‌పేట లేదు. మనిషి గుర్తు పెట్టుకోవడానికి పుట్టిన పేరును మనం యంత్రానికి పెట్టుకునే అర్జీగా మార్చాం. మరి మనిషి గతి ఏమైందో ఫోను ఎత్తితే తెలుస్తుంది.

"అమ్మాయ్, మొన్న నువ్వు పంపిన ఉసిరికాయ పచ్చడి బావుంది. మా వియ్యపురాలికి కూడా కావాలట. సైటు పేరు చెప్పు, రాసుకుంటాను."

"రాసుకోండి పిన్నిగారూ. బెస్ట్. తర్వాత గీత."

"కింద గీతా, మధ్య గీతా?"

"మధ్య గీతండీ. ఆంధ్రా. మళ్ళీ గీత. హోమ్‌మేడ్."

"హోముకీ మేడుకీ మధ్య గీత ఉందా?"

"లేదండీ, కలిపే. పికిల్స్‌కి ముందు ఉంది."

"పికిల్సు చివర ఎస్ పెట్టాలా?"

"తప్పకుండా పెట్టాలండీ. పెట్టకపోతే వేరేవాళ్ళది తెరుచుకుంటుంది."

"ఎందుకొచ్చిన గొడవ తల్లీ! ఈ నెంబరుకే ఫోన్‌పే కొడతాను. రెండు కేజీలు పంపించు."

ఒక న్యాయం మాత్రం చెప్పుకోవాలి. ఈ విద్య ఒకప్పుడు పనిచేసింది, బ్రహ్మాండంగా పనిచేసింది. గూగుల్ ప్రాణం లింకుల్లో ఉంది. ఒక పేజీ విలువ దానికి ఎవరెవరు లింకు ఇచ్చారన్నదాన్ని బట్టి తెలుస్తుందనీ, ఆ లింకు మీద రాసి ఉన్న మాటలు ఆ పేజీ దేని గురించో చెబుతాయనీ గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998 నాటి తమ పరిశోధన పత్రంలోనే రాసుకున్నారు. ఇందులో ఒక కంత ఉంది. మీ సైటు పేరే 'చీప్ కార్ ఇన్సూరెన్స్' అయితే, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచిన ప్రతివాడూ 'చవక కారు బీమా అంటే వీళ్ళే' అని సాక్ష్యం చెప్పినట్టు గూగుల్‌కి వినపడుతుంది. తిట్టడానికి పేరెత్తి లింకు ఇచ్చినా సరే. ఈ కంత కనిపెట్టినవాళ్ళు వందల పేర్లు కొన్నారు. ఒక్కో పేరు కింద అయిదారు పేజీలు, ప్రతి పేజీలో ఆ నాలుగు మాటలే అటూ ఇటూ తిప్పి రాసిన చెత్త, చుట్టూ ప్రకటనలు. ఎగ్జాక్ట్ మ్యాచ్ డొమైన్, ముద్దుగా ఈఎండీ, ఒక కుటీర పరిశ్రమైంది.

2012 సెప్టెంబర్ 28న గూగుల్‌లో చెత్త సైట్ల మీద కత్తి పట్టుకుని కూర్చున్న మ్యాట్ కట్స్ ట్విటర్‌లో రెండు ముక్కలు రాశాడు: నాణ్యత లేని ఎగ్జాక్ట్ మ్యాచ్ డొమైన్లను కిందికి దించుతున్నామని, అమెరికాలో ఇంగ్లీషు వెతుకులాటల్లో 0.6 శాతం మీద ప్రభావం ఉంటుందని. అంకె చిన్నదే, పోయిన దుకాణాలు పెద్దవి. ఆ తర్వాత గూగుల్ తరఫున జాన్ ముల్లర్ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాడు: పేరులో కీవర్డ్, అంటే జనం వెతికే మాట, ఉన్నంత మాత్రాన ఆ సైటుకి ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదని. గూగుల్ కొత్తవాళ్ళ కోసం అచ్చేసిన ఎస్‌ఈఓ ప్రాథమిక గైడులో కూడా ఉంది. పేరులో కీవర్డుల వల్ల ఫలితం దాదాపు లేనట్టే, వెతుకులాట ఫలితాల్లో ఆ చిరునామా ముక్క కనపడడం తప్ప. ఉచితంగా దొరికే గైడు. అది చదవడానికి ఫీజు లేదు, అందుకే ఎవరూ చదవరు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. 2012లో పోయిన ఈఎండీ గురించి ఇవాళ చెబుతున్న గొప్పలు అది బతికుండగా కూడా చెప్పలేదు. సైట్ల యజమానులకు చెబుతున్న మరికొన్ని సిద్ధాంతాలు కూడా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ధర. పదేళ్ళకు ఒకేసారి డబ్బు కట్టేస్తే గూగుల్‌కి నమ్మకం కుదురుతుందట. ఈ పుకారుకి ఒక పుట్టుక ఉంది. గూగుల్ 2003లో దాఖలు చేసిన ఒక పేటెంటులో, మోసగాళ్ళు ఏడాదికి మించి డొమైన్ కట్టరు కనుక గడువు పొడవును కూడా ఒక సూచనగా చూడొచ్చు అని ఒక ఊహ రాసుకున్నారు. పేటెంటులో ఇంజినీర్లు తోచినదల్లా రాసుకుంటారు, అది వాళ్ళ వృత్తిధర్మం. ర్యాంకుకీ దీనికీ సంబంధం లేదని గూగుల్ వాళ్ళు తర్వాత చెప్పిన మాట మాత్రం డొమైన్లు అమ్మే రిజిస్ట్రార్ల చెవికి సోకలేదు. కొనుగోలు బండిలో 'పదేళ్ళు' కూడా ఎంచుకోమని ఇప్పటికీ ఊరిస్తుంటారు. పక్కన డాట్ నెట్ కూడా, డాట్ స్టోర్ కూడా, 'మీ బ్రాండును కాపాడుకోండి' అన్న హెచ్చరికతో. 'బెస్ట్ ఆంధ్రా హోమ్‌మేడ్ పికిల్స్' అన్న దాంట్లో బ్రాండు ఏ మాట కింద దాక్కుందో వాళ్ళే చూపించాలి.

డొమైన్ పాతబడితే బలం పెరుగుతుందన్నది ఇంకో మాట. ముల్లర్ దాన్ని కూడా 2019లో ఒక్క వాక్యంతో కొట్టిపారేశాడు. 'డీఏ పెంచుతాం' అన్నది మరొకటి. డొమైన్ అథారిటీ అన్న ఆ నూటికిన్ని మార్కుల విధానం మోజ్ అనే ప్రైవేటు కంపెనీ తన పనిముట్టు కోసం చేసుకున్న కొలత. గూగుల్ దాన్ని వాడదు. అయినా డీఏ 12 నుంచి 30కి పెరిగిందని చూపించి బిల్లు వసూలు చేసుకునేవాళ్ళున్నారు, ఆ కాగితం ఫ్రేము కట్టించుకునే యజమానులున్నారు.

ఇక్కడితో ఆగితే మనం తెలుగువాళ్ళం ఎందుకవుతాం. ఎస్‌ఈఓ ఆఫీసు మెట్లు దిగి, తిన్నగా న్యూమరాలజీ ఆయన మెట్లెక్కుతాం. ఆయన పికిల్స్‌లో ఇంకో 'ఎల్' చేర్చమంటాడు, మొత్తం అయిదొస్తుంది, అయిదు వ్యాపారానికి మంచిది. రెండు ఎల్‌లతో పచ్చడి వెతికేవాడు ఈ భూమ్మీద లేడని మొదటాయన నెత్తి కొట్టుకుంటాడు. ఇద్దరికీ ఫీజు ముట్టింది కనుక ఇద్దరి మాటా నిలబెట్టాలి, అంచేత రెండు డొమైన్లు. ఈ ఇద్దరు గురువుల్లో న్యూమరాలజీ ఆయనే నయం. గ్రహాలు తమ అల్గారిథం మార్చుకున్నామని ప్రకటించవు గనుక ఆయన శాస్త్రానికి కాలదోషం పట్టదు.

పేరే పెట్టుబడి అనుకున్న పెద్దవాళ్ళ గతి కూడా చూద్దాం. బిజినెస్ డాట్ కామ్ 1999లో 75 లక్షల డాలర్లకు చేతులు మారింది. 2007లో ఆ పేరును, దాని మీద కట్టిన కంపెనీతో సహా, ఆర్.హెచ్. డానెల్లీ దాదాపు 34.5 కోట్ల డాలర్లకు కొంది. ఈ డానెల్లీ వారి అసలు వ్యాపారం టెలిఫోన్ డైరెక్టరీలు అచ్చువేయడం. మూడు 'ఏ'ల పేర్లను ఏళ్ళ తరబడి అచ్చువేసిన చేతికి మంచి పేరు విలువ తెలియకుండా ఉంటుందా. 2009లో దివాలా పిటిషన్ వేసింది. పెట్స్ డాట్ కామ్ అంటే పెంపుడు జంతువుల సామానుకి ఇంతకన్నా సూటి పేరు లేదు. 2000 ఫిబ్రవరిలో షేర్ మార్కెట్టులోకి వచ్చింది, అదే ఏడాది నవంబరులో మూతపడింది. కుక్కల తిండి బరువు, పంపే ఖర్చు, అమ్మిన ధర, ఈ మూడింటి లెక్క కుదరలేదు. పేరులో కీవర్డు ఉందన్న మర్యాద కొరియర్ వాళ్ళు పాటించలేదు.

పేరు చివర తోక కథ కూడా ఇలాంటిదే. మొన్నటి దాకా డాట్ కామ్ లేనిదే మోక్షం లేదన్నవాళ్ళు ఇప్పుడు డాట్ ఏఐ లేకపోతే పరువు లేదంటున్నారు. ఏఐ అంటే కరీబియన్ సముద్రంలో ఆంగ్విల్లా అన్న బుల్లి ద్వీపానికి దేశాల పట్టికలో దక్కిన రెండక్షరాలు. జనాభా 16,000 అటూ ఇటూ. 2023లో ఆ రెండక్షరాలు అద్దెకిచ్చి వాళ్ళు సంపాదించింది దాదాపు 3.2 కోట్ల డాలర్లు, అక్కడి ప్రభుత్వ ఆదాయంలో సుమారు అయిదో వంతు. కీవర్డు వెర్రి వల్ల నిజంగా బాగుపడినవాళ్ళెవరని ఎవరైనా అడిగితే చూపించడానికి ఈ ద్వీపం ఒకటుంది. 2012లో కొత్త తోకలకు, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ దరఖాస్తులు పిలిస్తే 1,930 వచ్చాయి, ఒక్కోదానికి రుసుము 1,85,000 డాలర్లు. తోకలో ఏ మాట ఉన్నా ర్యాంకులో మెరుగూ తరుగూ లేదని గూగుల్ 2015లోనే రాతపూర్వకంగా చెప్పింది. పనికొచ్చే తోక ఒకటుంది. డాట్ ఇన్ పెట్టుకుంటే ఈ సైటు భారతదేశంలోని వాళ్ళ కోసమని గూగుల్ గ్రహిస్తుంది. చవక కూడా. చవక కావడమే దాని లోపం అయ్యుండాలి.

తెలుగు లిపిలో డాట్ భారత్ తోక కూడా మనకి ఉంది. ఎవరి గుమ్మానికైనా కనపడిందా? తెర వెనక యంత్రాలు మాత్రం ఆ 'భారత్'ను ఎక్స్, ఎన్, రెండు గీతలు, ఎఫ్, పి, సి, ఆర్, జె, 9, సి, 3, డి అని చదువుకుంటాయి. మన కీవర్డు డొమైన్లతో పోలిస్తే ఇది పలకడానికి సుఖం. తెలుగులో పేరు పెడితే ఎలా ఉంటుందని నిపుణుణ్ణి అడిగి చూడండి, "తెలుగులో ఎవరు వెతుకుతారు సార్" అంటాడు, తెలుగులోనే.

ఈ కీవర్డు పేర్లకన్నా నీచమైన విద్య ఒకటుంది, ఎక్స్‌పైర్డ్ డొమైన్లు. రెన్యువల్ మర్చిపోయినవాళ్ళ పేరును వేలంలో కొనడం, ఆ పేరు ఏళ్ళ తరబడి సంపాదించుకున్న లింకులను వారసత్వంగా అనుభవించడం. గూగుల్ 2024 మార్చిలో దీన్ని స్పామ్ నేరాల జాబితాలోకి ఎక్కించి ఉదాహరణలు కూడా ఇచ్చింది: ఒకప్పటి ప్రాథమిక పాఠశాల సైటులో కేసినో, ఒకప్పటి వైద్య ధర్మసంస్థ సైటులో మందుల వ్యాపారం. పిల్లలు అక్షరాలు దిద్దిన చిరునామాలో పేకముక్కలు పంచుతారన్నమాట. దీన్ని 'పవర్‌ఫుల్ ఏజ్‌డ్ డొమైన్ స్ట్రాటజీ' పేరుతో మనకు పాఠం చెబుతున్నారు, ఫీజుకి జీఎస్టీ అదనం.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇకపైన కష్టం. వెతికేవాడు ఏం కొడతాడో అదే నా పేరు అన్న సిద్ధాంతాన్ని మనందరి కన్నా శ్రద్ధగా పాటించేవాళ్ళు దొంగలు. 2023 ఏప్రిల్‌లో తిరుమల శ్రీవారి సేవల పేరుతో ఒక నకిలీ సైటు బయటపడింది. అప్పటి అసలు సైటు పేరులో తిరుపతి బాలాజీ తర్వాత చుక్క, ఏపీ, చుక్క, గవ్, చుక్క, ఇన్. నకిలీవాడు చుక్కల స్థానంలో అడ్డగీతలు పెట్టి, చివర ఇన్ తీసేసి ఆర్గ్ తగిలించాడు, అంతే. అంతకుముందే 40 నకిలీ సైట్ల మీద కేసులు పెట్టించిన టీటీడీకి అది 41వది. గది కోసం, దర్శనం కోసం డబ్బు కట్టి, కాగితం పట్టుకుని కొండెక్కిన పెద్దావిడకు కౌంటర్లో ఇది చెల్లదమ్మా అంటే ఏమనుకోవాలి? తను వెతికిన మాటలన్నీ ఆ పేరులో ఉన్నాయి. అడ్డగీతల పేర్లే పేర్లని మనమే జనం కళ్ళకు అలవాటు చేశాం. దొంగ దగ్గర ప్రత్యేకమైన విద్యేదీ లేదు, మూడు నెలల కోర్సులో చెప్పిందే చేశాడు. టీటీడీ తర్వాత 2024 జనవరిలో ఒకే సంస్థ, ఒకే సైటు అని టీటీదేవస్థానమ్స్ అన్న కొత్త పేరుకి మారింది, ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ గొడుగు మాత్రం అదే. చూడాల్సింది చివరి ముక్క. ముందు ఎంత భక్తి రాసినా చివరి ముక్క ప్రభుత్వానిది కాకపోతే అది హుండీ కాదు, ఎవడిదో జేబు.

రిజర్వు బ్యాంకుకి ఈ సంగతి అర్థమైంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అన్న తోకకు మారాలని హుకుం వేసింది. ఆ తోక ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ మన హైదరాబాదులో మాసబ్‌ట్యాంకు దగ్గరున్న ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివాడికి ఎంత డబ్బిచ్చినా ఇవ్వరు. పేరంటే 'వీడు ఫలానా' అని ఎవరో పూచీ పడడం అన్న పాత పద్ధతిని మాసబ్‌ట్యాంకులో పునరుద్ధరించారు. అక్కడి నుంచి అమీర్‌పేట ఆట్టే దూరం కూడా కాదు, అయినా కబురు చేరలేదు.

పేరు విలువ కోర్టులకి కూడా చాలాకాలంగా తెలుసు. సత్యం ఇన్ఫోవే తన పేరులోంచి అక్షరాలు ఏరుకుని 'సిఫీ' అన్న మాట పుట్టించింది. ఇంకొకరు ఒక 'ఎఫ్' అదనంగా చేర్చి సిఫీనెట్ అని పెట్టుకున్నారు. 2004 మేలో సుప్రీంకోర్టు, డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదు, అది వ్యాపారపు గుర్తు, దానికి చట్టం కాపు ఉంటుందని తేల్చింది. సిఫీ పుట్టించిన మాట కావడం వాళ్ళకి కలిసొచ్చింది. రేపు మన పచ్చళ్ళాయన, ఎవడో తన పేరుకి ముందు 'ది' తగిలించుకున్నాడని కోర్టుకెక్కితే జడ్జిగారు ఏమడుగుతారో ఊహించండి. బెస్ట్ మీ సొంతమా? ఆంధ్రా మీ సొంతమా? పచ్చడి మీ సొంతమా? నిజమే, ఏళ్ళ తరబడి వ్యాపారం చేసి, ఆ మామూలు మాటకే సొంత గుర్తింపు తెచ్చుకుంటే కోర్టు కాపాడుతుంది. నౌకరీ డాట్ కామ్‌ను అనుకరించి ఒక 'ఏ' ఎక్కువ పెట్టుకున్నవాణ్ణి ఢిల్లీ హైకోర్టు 2002లో అడ్డుకుంది. అయితే ఆ గుర్తింపు తేవడానికి పట్టే శ్రమ, సొంత పేరుకి గుర్తింపు తేవడానికి పట్టే శ్రమకన్నా రవ్వంత కూడా తక్కువ కాదు. మరి తాత పేరు ఏం పాపం చేసింది?

కీవర్డు జోలికి పోకుండా సొంత పేరుతో నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. 2005 దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్టు దొరక్క విసుగెత్తిన తెలుగు కుర్రాడు ఫణీంద్ర సామ మరుసటేడు బెంగుళూరులో స్నేహితులతో కలిసి పెట్టిన సైటు రెడ్‌బస్. అప్పటికి ఎస్‌ఈఓ గురువు దొరికుంటే దానికి 'ఆన్‌లైన్ బస్ టికెట్ బుకింగ్ హైదరాబాద్ టు బెంగుళూరు' అని నామకరణం జరిగేది. విజయవాడ బస్సు టికెట్లు అమ్ముకోవాలంటే ఇంకో డొమైన్ కొనేవాళ్ళు. ఇంగ్లీషులో మూడేసి అక్షరాల ముక్కలు రెండు, ఎర్ర బస్సు, పల్లెటూరి ముసలాయన కూడా నోరు తిరిగి చెప్పగలిగేవి, చాలాయి.

ఇంకో ఉదాహరణ ఉంది, మెచ్చుకోవడానికి మనసొప్పదు. ఐబొమ్మ. నిర్మాతల కడుపు కొట్టిన దొంగ సినిమాల సైటు. 2025 నవంబరులో దాని నిర్వాహకుడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసేదాకా, ఒక డొమైన్ మూయిస్తే ఇంకో డొమైన్‌లో తేలేది. డొమైన్లు ఎన్ని మారినా జనం ఎలా పట్టుకునేవారు? 'తెలుగు మూవీస్ ఫ్రీ డౌన్‌లోడ్' అని ఎవరూ కొట్టలేదు, ఐబొమ్మ అనే కొట్టారు. తెలుగు నోటికి అచ్చంగా సరిపోయిన ఒక మాట. చిరునామా లేని దొంగ సరుక్కి కూడా పేరు నిలబడితే గూగులే వెతికి పెట్టిందన్న సంగతి, చిరునామా, జీఎస్టీ నెంబరు, గుమ్మానికి గుమ్మడికాయ ఉన్న నిజాయితీ వ్యాపారులకు ఎవరూ చెప్పడం లేదు.

ఆ గూగుల్ మాత్రం ఏ కీవర్డు పెట్టుకుని పైకొచ్చింది? 1997 సెప్టెంబరులో ఆ డొమైన్ నమోదు చేసిననాడు దాని సెర్చ్ వాల్యూమ్ ఎంతో అమీర్‌పేటలో లెక్కగట్టి చెప్పాలి.

ఈ లోపల ఆట ఇంకోవైపు మళ్ళింది. ఏఐ ఓవర్‌వ్యూ పేరుతో 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా గూగుల్ జవాబును తనే వండి పైన పెడుతోంది. సైట్ల పేర్లు ఆ జవాబు పక్కన చీమ తలకాయంత గుర్తుల్లో ఉంటాయి, వేలితో తడితే కనపడతాయి, ఎవరూ తట్టరు. 64 అక్షరాలుండనీ నాలుగుండనీ డొమైన్ అన్నది అసలు చదివేదెవరు? నిపుణులు దిగులుపడ్డారనుకుంటే మీకు వాళ్ళ గుండె నిబ్బరం తెలియదు. ఎస్‌ఈఓలో ఎస్ తీసేసి జీ పెట్టారు. జీఈఓ, జెనరేటివ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్. ఏఐ నోట మీ పేరు రావాలంటే ముందు పేరులో ఏఐ ఉండాలి సార్, పచ్చళ్ళకి డాట్ ఏఐ ఇంకా ఖాళీగానే ఉంది, ఇవాళే బుక్ చేస్తే మంచిది. కొత్త బ్యాచ్ సోమవారం నుంచి. డెమో క్లాసు ఉచితం.